నాకు వచ్చిన ఇన్‌ఫెక్షన్ నా భార్యకు అంటిందా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)
నా వయసు 38 ఏళ్లు, రైసు మిల్లులో పని చేస్తాను. మూడు వారాలుగా పురుషాంగం కొన ఎర్రబడి దురద పెడుతోంది. ముందు చర్మాన్ని వెనక్కి తీస్తే విరిగిన పాల లాంటి తెల్లని పొర కనిపిస్తోంది, అంచున వెంట్రుకంత సన్నని పగుళ్లు ఉన్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి, మళ్లీ ఎక్కువైంది. ఇప్పుడు నా భార్యకు కూడా దురద, తెల్లబట్ట మొదలయ్యాయి. నేను బయటి సంబంధాలకు పోయినవాణ్ణి కాను, అయినా ఆమె ముఖం చూసి మాట్లాడలేకపోతున్నాను.

జవాబు (నల్లగొండ, రిటైరైన ఫార్మసిస్టు)
దీన్ని డాక్టర్లు బాలనైటిస్ అంటారు. ఇది తనంతట తాను సుఖవ్యాధి కాదు. చాలామందిలో దీనికి కారణం కాండిడా అనే ఫంగస్. అది ఆరోగ్యవంతుల ఒంటిలో కూడా ఉంటుంది, చెమట, తడి నిలిచే చోట పెరుగుతుంది. భర్త నుంచి భార్యకు, భార్య నుంచి భర్తకు అంటవచ్చు. ఎవరి నుంచీ అంటకుండా కూడా రావచ్చు. కాబట్టి దీన్నిబట్టి ఇద్దరిలో ఎవరి నడతనూ శంకించవలసిన పని లేదు. అయితే గనేరియా, ట్రైకోమోనాస్, హెర్పిస్, సిఫిలిస్ వంటి సుఖవ్యాధులు కూడా ఇలాంటి ఎరుపుతో బయటపడవచ్చు గనుక చీము, పుండు, గజ్జల్లో బిళ్లలు ఉంటే ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

ఆ ట్యూబు మీద బెటామెథసోన్ గానీ క్లోబెటసాల్ గానీ రాసి ఉందేమో చూడండి. ఆ స్టెరాయిడ్లు ఎరుపును అణచివేస్తాయి, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అడగకుండానే ఇలాంటివి చేతిలో పెట్టే షాపులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఫంగస్ అని తేలితే మామూలు క్లోట్రిమాజోల్ 1 శాతం క్రీమును రోజుకు రెండుసార్లు, రెండు వారాల దాకా రాయమంటారు. సబ్బు, డెట్టాల్ తగలనీయకుండా మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. తగ్గేదాకా కలవకండి, ఇలాంటి క్రీములు కండోమును బలహీనపరుస్తాయి.

జవాబు (మహబూబ్‌నగర్)
నాకు ఒకే ఏడాదిలో మూడుసార్లు వచ్చింది. మూడోసారి డాక్టరు షుగర్ చూస్తే పరగడుపున 240 ఉంది. ఆ తరువాత డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర మొదలుపెట్టాక మళ్లీ దురద వచ్చింది. అది షుగర్‌ను మూత్రంలోకి పంపుతుంది కాబట్టి ఫంగస్‌కు అనువవుతుందని డాక్టరు చెప్పి, వేరే మాత్రకు మార్చారు. మీరు మొదట షుగర్ పరీక్ష చేయించండి.

జవాబు (దేవరకొండ వైపు ఏఎన్ఎం)
అన్నా, వదినకు దురద ఉంది కాబట్టి ఆమెకు కూడా ఇప్పుడే చూపించాలి, లేకపోతే ఒకరికి తగ్గి మరొకరికి మిగులుతుంది. ఆమె గర్భవతి అయితే ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్ మాత్ర సొంతంగా వేయవద్దు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు, సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో పరీక్ష, మందులు ఉచితం. తెల్లబట్ట అయితే మన ఊళ్లలో ఆడవాళ్లు తమదే తప్పనుకొని నెలల తరబడి దాచుకుంటారు. మీరే ముందు మాట కదపండి.

ప్రశ్న అడిగినవారు
రాత్రి అన్నం తిన్నాక ఆమెకు అంతా చెప్పాను. తనకు నెల రోజులుగా దురద ఉందని, నేను ఏమనుకుంటానోనని దాచానని చెప్పింది. ట్యూబు మీద బెటామెథసోన్ అనే ఉంది. సోమవారం ఇద్దరం నల్లగొండ వెళ్తున్నాము.