ఇంటి నుంచి పని: కుర్చీ మార్చాలా, బల్ల మార్చాలా?

మణికొండ అమ్మాయి:
రెండేళ్లు డైనింగ్ టేబుల్ మీదే నెట్టుకొచ్చాను. మెడ, భుజాలు పట్టేస్తున్నాయని పోయిన నెల పదకొండు వేలు పోసి మెష్ కుర్చీ కొన్నా. మెడనొప్పి అలాగే ఉంది, దానికి తోడు ఇప్పుడు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఇంకా ఖరీదైనది చూడాలా?

బోడుప్పల్ అక్క:
కొనకు తల్లీ. ముందు టేపు తియ్. పాదాలు పూర్తిగా నేలకి ఆనేలా కుర్చీ దించి కూర్చుని, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో ఎవరినైనా చూడమను. నీ ఎత్తే నాదీ, నాకు ఇరవై నాలుగున్నర అంగుళాలు వచ్చింది. డైనింగ్ టేబుళ్లు, బజార్లో దొరికే ఆఫీసు బల్లలు 29, 30 దగ్గర ఉంటాయి. కుర్చీ దించితే భుజాలు ఎగబట్టి టైప్ చెయ్యాలి, మెడ పోతుంది. లేపితే కాళ్లు వేలాడి సీటు అంచు తొడల్ని నొక్కుతుంది. నీ తిమ్మిరి అదే అనుకుంటా.

తార్నాక తమ్ముడు:
అక్క చెప్పింది కరెక్టే. గాని సీటు లోతు గూడ చూస్కోవాలె. నడుము వెనక్కి ఆనిచ్చి కూసుంటే మోకాలి మడత కాడ రెండు మూడు వేళ్లు పట్టాలె. మా అన్న ఆరడుగులోడు. ఆయన కుర్చీల నేను కూసుంటే అంచు పిక్కలకు తగుల్తది, ముందుకు జరిగితే నడుం దిండు దండగ. ఆన్‌లైన్ల ఫొటో చూసి కొనుడు బంద్ చెయ్యుండ్రి. హైటెక్ సిటీల ఐకియా ఫర్నిచర్ షాపు 2018 నుంచి ఉన్నది గదా, కొనకున్నా పోయి ఒక్కోదాంట్ల పది నిముషాలు కూసోండ్రి. నేనైతే మా ఆవిడ బిర్యానీ తినొచ్చేదాక కూసున్న, ఎవ్వరు ఏమన్లె.

సనత్‌నగర్ సీనియర్:
నేను ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఆఫీసు కుర్చీ 1800కి పట్టాను. కూర్చున్న పావుగంటకి లిఫ్టులా మెల్లగా కిందికి దిగిపోయేది. సీటుని పైకి లేపి పట్టే గ్యాస్ సిలిండర్ పోయిందట, మార్పిస్తే కుదిరింది. పాతది కొనేవాళ్లు బేరం ఆడేముందు పూర్తిగా పైకి లేపి కాసేపు కూర్చోండి. చక్రాలు కూడా చూడండి. టైల్స్ మీద గట్టి నైలాన్ చక్రాలు గరగరలాడతాయి. రాత్రి అమెరికా కాల్స్‌లో నేను జరిగినప్పుడల్లా కింది ఫ్లాటు ఆంటీ చీపురు కర్రతో కప్పు పొడిచేవారు. మెత్తటి చక్రాలు వేయించాక సంక్రాంతికి అరిసెలు పంపారు!

మణికొండ అమ్మాయి:
టేపు పెట్టాను. మోచెయ్యి 24, బల్ల 30. తప్పంతా కుర్చీ మీద తోశాను పాపం. అక్కా, బల్ల కాళ్లు కోయించెయ్యనా? డైనింగ్ టేబుల్ అంటే మా అత్తగారు నన్ను కోస్తారు.

బోడుప్పల్ అక్క:
దాని జోలికి పోకు! మామూలు చెక్క బల్ల ఒకటి చూసుకో, కార్పెంటర్‌కి అరగంట పని. ఇనప కాళ్లయితే వెల్డింగ్ షాపుకి మొయ్యాలి. ఒకేసారి ఎక్కువ కోయించకు, పొట్టిదైతే మళ్లీ పెరగదు. నేను నాలుగు అంగుళాలే తీయించా. మిగతాదానికి కుర్చీ కాస్త లేపి, పాదాల కింద అమ్మ ఇచ్చిన పాత పీట వేసుకున్నా. ల్యాప్‌టాప్ మాత్రం నేరుగా బల్ల మీద పెట్టకు. తెర పై అంచు కంటి ఎత్తుకి రావాలి, కీబోర్డు, మౌసు విడిగా పెట్టుకోవాలి. కోసిన కాళ్ల ముక్కలు కార్పెంటర్ పట్టుకుపోకుండా చూడు, నా ల్యాప్‌టాప్ నిలబడింది వాటి మీదే.