సెల్ఫీని స్వీయచిత్రం అనొచ్చా?

కుంచెపిచ్చి:
సెల్ఫీ కూడా స్వీయచిత్రమేనని నిన్న ఒక మిత్రుడు వాదించాడు. నాకు మింగుడుపడలేదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ దాదాపు 40 ఏళ్లు తన మొహం తానే గీసుకున్నాడు. 1669లో, అంటే తను చనిపోయిన ఏడు వేసినవాటిలో కూడా ఉబ్బిన ముక్కు, జారిన బుగ్గలు అలాగే ఉంచాడు. మనమో? కళ్ల కింద కాస్త నలుపు కనిపిస్తే డిలీట్. ఇందులో మన వ్యక్తిత్వం ఎక్కడుంది?

ముందుకెమెరా:
మీరు ముసలి రెంబ్రాంట్‌నే పట్టుకున్నారు. వయసులో ఉండగా రకరకాల టోపీలు, మెడ కవచం తగిలించుకుని ఫోజులు కొట్టినవి లెక్కలోకి రావా? జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అయితే 1500లో, 28 ఏళ్లకే, జుట్టు భుజాల మీదికి వదిలి, అచ్చం క్రీస్తులా గీసుకున్నాడు. అంతకు మించిన ఫిల్టర్ ఏ ఫోన్‌లో ఉంది?

కుంచెపిచ్చి:
సరే, డ్యూరర్ దగ్గర ఓడాను. కానీ అద్దం ముందు అన్ని గంటలు కూర్చుంటే మనిషి తనను తాను చూసుకోక తప్పదు. క్లిక్‌కి ఆ ఓపిక లేదు.

పక్కబెంచీ:
మధ్యలో దూరుతున్నా. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కోర్నీలియస్ తన ఫోటో తానే తీసుకున్నాడు. అప్పట్లో కదలకుండా నిలబడితేగానీ బొమ్మ పడేది కాదు. చెదిరిన జుట్టు, ఫ్రేములో ఓ పక్కకి జరిగిన మనిషి. ఓపికా ఉంది, కెమెరా ఉంది. దీన్ని ఏ గాటన కడతారు?

అద్దం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. చిత్రకారుడు వాన్ గో ఓసారి తన చెవి తానే కోసుకున్నాడు. అది ఎడమ చెవి. 1889 నాటి స్వీయచిత్రాల్లో కట్టు కుడి చెవికి ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దంలో చూసి గీశాడు మరి. ఫోన్ కూడా తీసేటప్పుడు అద్దంలాగే చూపిస్తుంది. కొన్ని ఫోన్లు సేవ్ చేసేటప్పుడు తిప్పేస్తాయి. అప్పుడు "ఛీ, ఇది నేనేనా?" అనుకుంటాం. లోకం రోజూ చూసేది ఆ మొహాన్నే, కొత్త మనకే. (ముక్కు పెద్దదైందని టెన్షన్ వద్దు. చెయ్యి చాచినంత దూరం నుంచి తీస్తే ఎవరి ముక్కయినా అంతే.)

ముందుకెమెరా:
డిలీట్ గురించి అన్నారు కదా. కీమో జరిగినన్నాళ్లూ మా అక్క రోజుకో సెల్ఫీ తీసుకుంది. జుట్టు ఊడినవీ, మళ్లీ మొలిచినవీ. ఎవరికీ పంపలేదు. ఒక్కటీ డిలీట్ చేయలేదు.

కుంచెపిచ్చి:
అవి స్వీయచిత్రాలే. వాదించను. నా ఫోన్‌లో ఉన్న 400 మాత్రం కావు, ఇప్పుడే చూశాను. అన్నింట్లో ఒకటే నవ్వు.