నాలుగేళ్ల బాబుకి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే వైకల్యం): సాయం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: వరంగల్ జిల్లాలో ఉంటాం. థెరపీ ఖర్చు మోయలేకపోతున్నాం. దారి చెప్పండి.

జవాబు 1: ముందు యూడీఐడీ కార్డండీ, అంటే వైకల్య గుర్తింపు కార్డు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. బాబు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ముందే సరిచూసుకోండి, అక్కడ తేడా వస్తే ఫైలు కదలదు. చాలా పథకాలకి 40 శాతం వైకల్యం ఉండాలి.

జవాబు 2: కార్డు చేతికి రాగానే నేషనల్ ట్రస్ట్ (కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి 'నిరామయ' ఆరోగ్య బీమాలో చేర్పించండి. ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీకి కూడా కొంత ఇస్తారు. చేర్చుకునే ముందు వైద్య పరీక్షలు ఉండవు. డబ్బు ముందు మనమే కట్టి తర్వాత రాబట్టుకోవాలి కాబట్టి డాక్టర్ చీటీ, ఒరిజినల్ బిల్లులు ఒక్కటీ పారేయకండి. మార్చి 31తో గడువు అయిపోతుంది, రెన్యువల్ మరవొద్దు.

జవాబు 3: మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉందేమో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి, ఫిజియోథెరపీ ఉచితం. ఫిజియోథెరపిస్టు ఏ రోజుల్లో వస్తారో కనుక్కుని వెళ్లండి.