చెన్నై ఉక్కలో అక్వేరియం చల్లగా ఉంచేదెలా?
మేముండేది వేళచ్చేరిలో, టాప్ ఫ్లోర్. మధ్యాహ్నం మూడయ్యేసరికి ట్యాంకులో థర్మామీటరు 33 చూపిస్తోంది. 60 లీటర్ల ట్యాంకు, నియాన్ టెట్రా చేపలు, కొన్ని కోరీలు (అడుగున తిరిగే చిన్న చేపలు), కాసిని మొక్కలు. గప్పీలైతే ఎలాగో నెట్టుకొచ్చేవేమో గానీ నియాన్లకి 26 దాటితేనే ఇబ్బంది కదా. సాయంత్రానికి అన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుందని ఎయిర్ పంపు రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంచుతున్నా.

మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు దిగుతోంది. ఉక్కపోత ఎక్కువున్న రోజు ఆ మాత్రం కూడా దిగదు. పైగా నీళ్ళు ఆవిరైపోతున్నాయి. మా బోరు నీళ్ళు ఉప్పన, అవే పోస్తూపోతే ఉప్పు పేరుకుపోదా? ఆర్.ఓ. నీళ్ళు పోస్తున్నవాళ్ళున్నారా?

మా అత్తగారు ఐసు ముక్కలు వేసెయ్యమంటారు, ఆవిడకి అన్నిటికీ ఫ్రిజ్జే మందు. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి తేలేస్తే కాసేపు చల్లబడి మళ్ళీ ఎక్కేస్తోంది. ఆ ఎగుడుదిగుడే చేపలకి ఎక్కువ ప్రమాదమని నా భయం.

కొళత్తూరు చేపల మార్కెట్లో అడిగితే చిల్లర్ (ట్యాంకు నీళ్ళని చల్లబరిచే మిషను) కొనమన్నారు. ధర వింటే నాకే చెమటలు పట్టాయి. చిల్లర్ లేకుండా ఇక్కడ గానీ, నెల్లూరు, విశాఖల్లో గానీ మే నెల గట్టెక్కించినవాళ్ళుంటే ఏం చేశారో కాస్త చెప్పండి. ఫ్యానుకి థర్మోస్టాట్ (నీటి వేడిని బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ చేసేది) తగిలిస్తే ఉపయోగముంటుందా?