అప్‌డేట్: మట్టం తగ్గింది, ఛాయ్ బాకీ నాదే

మొన్న నేను అడిగిన లెక్క ఇది: భద్రకాళి చెరువులో పడవ మీదున్న బండరాయిని నీళ్లలో పడేస్తే చెరువు మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుందని పంతం పట్టాను. "నీ తలకాయ వేస్తే తేలుతుంది మామా, లోపలంతా గాలే" అన్నాడు హన్మకొండ దోస్తు.

నిన్న టబ్బులో పెద్ద స్టీలు గిన్నె తేలేసి, అందులో 2.7 కిలోల గ్రానైట్ రాయి పెట్టి, మట్టం దగ్గర గీత గీశాను. రాయిని నీళ్లలోకి దించగానే మట్టం గీత కిందికి సెంటీమీటరుకు పైనే దిగింది! గిన్నెలో ఉన్నప్పుడు రాయి తన బరువుకు సరిపడా, అంటే 2.7 లీటర్ల నీటిని తోస్తుంది. మునిగాక తన సైజంత, దాదాపు ఒక్క లీటరే. ఆర్కిమెడిస్ సూత్రం బట్టీ పట్టాను గానీ ఇది తట్టలేదు. చెరువులో అయితే ఈ తేడా కంటికి ఆనదు, అది వేరే సంగతి.

ఆదివారం అందరికీ ఛాయ్, ఉస్మానియా బిస్కట్లు. తలకాయ మాట అన్నవాడికి మాత్రం ఛాయ్ ఒక్కటే.