34 మంది పిల్లలు, 10 ట్యాబ్‌లు: మూడో తరగతిలో ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: ప్రాథమిక ఉపాధ్యాయిని, మలక్‌పేట

అందరికీ నమస్కారం. మలక్‌పేటలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నేను మూడో తరగతికి తెలుగు, గణితం బోధిస్తున్నాను. మా బడి పూర్వ విద్యార్థులు కొందరు ఈ సంవత్సరం 10 ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు కొని ఇచ్చారు. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయడం నాకు ఇష్టం లేదు. పిల్లల చేతికిచ్చి పాటల వీడియోలతో పీరియడ్ గడిపేయడం అంతకంటే ఇష్టం లేదు. తరగతిలో 34 మంది ఉన్నారు. వారిలో సుమారు మూడో వంతు పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. కొందరు పాఠాన్ని ధారాళంగా చదువుతుండగా, కొందరు ఇంకా గుణింతాల దగ్గరే తడబడుతున్నారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం ‘తొలిమెట్టు’ పద్ధతిలో స్థాయిలవారీగా కూర్చోబెట్టి చెబుతున్నాను గాని, ఒక జట్టుతో నేను కూర్చున్నప్పుడు మిగిలినవారికి నిజంగా ఉపయోగపడే పని ఇవ్వడం కష్టమవుతోంది.

ఈ పరిస్థితిలో ట్యాబ్‌లను ఏ పనికి వాడితే పిల్లల చదువుకు మేలు జరుగుతుంది? ఒక్కో ట్యాబ్‌కు ఇద్దరిని కూర్చోబెట్టవచ్చా? మా గదిలో వైఫై సరిగా అందదు. పిల్లల కళ్లు పాడవుతాయని తల్లిదండ్రులు కొందరు ఇప్పటికే అడుగుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తార్నాక

మేడమ్ గారికి నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న వేసుకుంటే మిగిలినవి చాలావరకు తేలిపోతాయి: 34 మంది ఉన్న గదిలో ఒక్క ఉపాధ్యాయురాలు ఎంత శ్రమపడినా చేయలేని పని ఏది? నా దృష్టిలో అది ప్రతి బిడ్డ చదువుతుండగా ప్రతిరోజూ వినడం. పాఠం వివరించడం మీరు చేయగలరు, నల్లబల్ల మీద లెక్క చూపించగలరు, కథ చెప్పగలరు; వీటిలో దేనికీ ట్యాబ్ అవసరం లేదు, పైగా ఇవన్నీ మీరు చేస్తేనే బాగుంటాయి. కాని 34 మంది చేత ఒక్కొక్క పేరా చదివించి వినాలంటే పీరియడ్ మొత్తం చాలదు. కాబట్టి ట్యాబ్‌ను బోధించే యంత్రంగా కాక, పిల్లల చదువును వినిపెట్టే సాధనంగా వాడమని నా సలహా.

పద్ధతి చాలా సులభం. దాదాపు ప్రతి ట్యాబ్‌లోనూ మాటలను రికార్డు చేసే సౌకర్యం ఉంటుంది. లేకపోయినా కెమెరాతో వీడియో తీసుకోవచ్చు. పిల్లవాడు తన స్థాయికి తగిన నాలుగు వాక్యాలను బిగ్గరగా చదివి రికార్డు చేసుకుంటాడు, పుస్తకం మీద వేలు పెట్టి తన గొంతును తాను వింటాడు, తడబడిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని మళ్లీ చదువుతాడు. ‘కోడి’ని ‘కొడి’ అనీ, ‘మేక’ను ‘మెక’ అనీ చదివే పిల్లలు తమ గొంతు విన్నప్పుడు ఆ దీర్ఘం పోయిందని తామే పట్టుకుంటారు. ఉర్దూలో ళ, ణ ధ్వనులు లేవు కనుక ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ‘కళ్లు’ను ‘కల్లు’గా, ‘వీణ’ను ‘వీన’గా పలకడం సహజం. వారికోసం మీ గొంతుతోనే అలాంటి పదాలను రికార్డు చేసి ఉంచండి. విని, పలికి, పోల్చుకుంటారు. అందరి ముందూ సరిదిద్దితే నోరు మెదపని బిడ్డ కూడా ఇక్కడ ధైర్యంగా పదిసార్లు పలుకుతుంది.

ఇద్దరిని కూర్చోబెట్టడం గురించి సందేహం వద్దు, అదే మంచిది. ఒకరు చదువుతుంటే రెండోవారు పుస్తకంలో చూస్తూ వినాలి, తరువాత స్థానాలు మారాలి. తరగతిని మూడు జట్లుగా చేస్తే ఒక జట్టుకు 11 లేదా 12 మంది వస్తారు, అంటే ఆరు ట్యాబ్‌లు చాలు. ఒక జట్టు ట్యాబ్‌లతో, ఒక జట్టు మీతో, మూడో జట్టు రాతపనితో 15 నిమిషాల చొప్పున మారుతుంటే 45 నిమిషాల పీరియడ్‌లో అందరికీ మూడూ అందుతాయి. మిగిలిన ట్యాబ్‌లు ఛార్జింగ్‌లో ఉంటాయి, ఏదైనా మొరాయిస్తే అక్కరకొస్తాయి.

రాతను మాత్రం తెర మీదకు తీసుకెళ్లకండి. తెలుగు అక్షరానికి తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చేతికి అలవాటు కావాలి. నునుపైన అద్దం మీద వేలితో గీస్తే ఆ పట్టు రాదు. పలక, బలపం, నోటుపుస్తకం అలాగే కొనసాగాలి.

జవాబు 2: పాఠశాలల్లో కంప్యూటర్ ప్రయోగశాలలు చూసే ఉద్యోగి, సికింద్రాబాద్

పై సలహాతో ఏకీభవిస్తూ, ఏర్పాట్ల గురించి కొన్ని మాటలు చెబుతాను. వైఫై లేకపోవడం మీరు అనుకున్నంత అడ్డంకి కాదు. వైఫై అందే ఆఫీసు గదిలో వారానికి ఒకసారి కావలసినవన్నీ డౌన్‌లోడ్ చేసుకుంటే, తరగతిలో ఇంటర్నెట్ అవసరమే ఉండదు; పిల్లలు దారి తప్పి వేరే వీడియోలకు వెళ్లే అవకాశమూ తగ్గుతుంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు చదివే స్థాయిలవారీగా ఉన్నాయి, ఉచితంగా దించుకోవచ్చు. గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ బిడ్డ పైకి చదువుతుంటే విని, తప్పిన పదాన్ని చూపిస్తుంది. తెలుగు కథలూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల మీది క్యూఆర్ కోడ్‌లను ప్రభుత్వ విద్యా యాప్ అయిన దీక్షాతో స్కాన్ చేసి, ఆ పాఠాల సామగ్రిని కూడా ముందే దించి పెట్టుకోవచ్చు.

సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ అనే ఏర్పాటును తప్పకుండా వాడండి. అందులో పిన్ అడిగే ఎంపికనూ పెట్టుకుంటే, మీరు పెట్టిన యాప్ నుంచి బయటకు రావాలంటే మీ పిన్ నంబరు కావాలి. ప్రతి ట్యాబ్‌కు వెనుక నంబరు అతికించి, ఏ జంటకు ఏ నంబరో ఏడాది పొడవునా మార్చకుండా ఉంచితే రికార్డింగులు కలగాపులగం కావు, జాగ్రత్తగా చూసుకునే బాధ్యతా అలవడుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు చవకగా దొరుకుతాయి, వాటికి ఛార్జింగ్ బెడద లేదు. మైకు ఉన్నవి చూసి తీసుకోండి, లేకపోతే పక్కవారి గొంతు కూడా రికార్డవుతుంది. ఏప్రిల్ ఎండల్లో ట్యాబ్‌లను కిటికీ పక్కన గాని, మూసిన ఇనుప బీరువాలో ఛార్జింగ్ పెట్టి గాని వదలకండి. వేడికి బ్యాటరీలు ఉబ్బుతాయి.

పిల్లల పేర్లతో ఖాతాలు తెరవవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి వివరాలు వాడడానికి తల్లిదండ్రుల అనుమతి కోరుతోంది. గొంతు రికార్డింగులు ట్యాబ్‌లోనే ఉండాలి, వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు.

జవాబు 3: ఆప్టోమెట్రిస్టు (కంటిచూపు పరీక్షించే నిపుణురాలు), ఇద్దరు పిల్లల తల్లి, మెహదీపట్నం

తల్లిదండ్రుల భయాన్ని తేలికగా తీసుకోకండి. భారతీయ శిశువైద్య అకాడమీ 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు రోజుకు మొత్తం తెర సమయం రెండు గంటల లోపే ఉండాలని చెబుతోంది. మీ తరగతిలో వాడే 15 నిమిషాలు అందులో చిన్న భాగమే, కాని ఆ బిడ్డ ఇంట్లో ఫోను ఎంతసేపు చూస్తున్నదో మనకు కనిపించదు కదా. తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండు విషయాలూ కలిపి చెప్పండి. ట్యాబ్‌ను ఒళ్లో కాకుండా బల్ల మీద, మోచేతి నుంచి వేళ్లంత దూరంలో ఉంచాలి. జట్టు మారేటప్పుడు కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో మేడనో కాసేపు చూడమనాలి. రోజూ ఆరుబయట వెలుతురులో ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంలోనివి మసకగా కనిపించే లోపం) వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి, ట్యాబ్ పీరియడ్ కోసం ఆటల పీరియడ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి.

జవాబు 4: ఐదో తరగతి ఉపాధ్యాయుడు, ఉప్పల్

చదవడం గురించి అందరూ చెప్పారు, గణితం మిగిలిపోయింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు వడోదరలో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో తరగతి పిల్లలు ఒక్కో కంప్యూటర్‌ను పంచుకుంటూ వారానికి రెండు గంటలు గణితం ఆటలు ఆడారు. గణితంలో వారి మార్కులు స్పష్టంగా పెరిగాయి. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం తగ్గిపోయింది. పెరూ గ్రామీణ బడుల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన పథకాన్ని 319 పాఠశాలల్లో పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో గణితంలోగాని, భాషలోగాని మార్పు కనిపించలేదు. నేను గ్రహించింది ఏమిటంటే, ఏ బిడ్డకు ఏ లెక్క ఇస్తున్నామో నిర్ణయించుకోకుండా పరికరం ఇస్తే ఫలితం ఉండదు. మీ పిల్లల్లో తీసివేతలో అప్పు తీసుకోవడం రానివారికి ఆ లెక్కలే, ఎక్కాలు రానివారికి ఎక్కాలే ఇవ్వండి. అందరికీ ఒకే ఆట పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు: మలక్‌పేట

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మూడు జట్ల పద్ధతినే మొదలుపెడతాను. ఒక్క సందేహం మిగిలింది: పిల్లలు మెరుగవుతున్నారో లేదో ఎలా కొలవాలి? చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలి. ఆ లెక్కనే తీసుకోవాలా?

జవాబు 1 ఇచ్చినవారు: తార్నాక

లక్ష్యాన్ని దృష్టిలో ఉంచుకోండి, కాని దానికోసం పిల్లలను పరుగెత్తించకండి. తెలుగులో ‘చదువుకుంటున్నప్పుడు’ అన్నది ఒకే పదం, ‘ఆవు’ అన్నదీ ఒకే పదం. పొడవు పదాలున్న పేరా ఇస్తే బాగా చదివే బిడ్డ కూడా వెనుకబడినట్టు కనిపిస్తుంది. నెలకొకసారి ప్రతి బిడ్డకూ ఇంతకుముందు చూడని, దాదాపు ఒకే కఠినత ఉన్న పేరా ఇచ్చి రికార్డు చేయించండి. చదివాక ఆ పేరాలో ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పమని అదే రికార్డులో చెప్పించండి; ఉర్దూ పిల్లలు మొదట్లో ఉర్దూలో చెప్పినా ఒప్పుకోండి, అర్థమైందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. జూన్ రికార్డును చెరపకుండా దాచి, దసరా సెలవుల ముందు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఎవరి బిడ్డవి వారికే ఆ రికార్డూ, తాజా రికార్డూ వినిపించండి. తాము చదువుకోని తల్లిదండ్రులకు ప్రగతి పత్రంలోని గ్రేడు కంటే అది బాగా అర్థమవుతుంది.