నోయిర్ సినిమాల మీద పేరడీలు ఇంకేమున్నాయి?

కార్ల్ రైనర్ తీసిన ‘ఫేటల్ ఇన్‌స్టింక్ట్’ (1993) చూశాక ఈ తరహావి ఇంకా చూడాలనిపిస్తోంది. పాత నోయిర్‌నీ (అంటే 1940, 50ల నాటి నలుపు తెలుపు హాలీవుడ్ నేర చిత్రాల్నీ), అప్పట్లో వరసపెట్టి వచ్చిన ఎరోటిక్ థ్రిల్లర్లనీ కలిపి ఓ ఆట ఆడుకున్నారు. హీరో పోలీసూ తనే, లాయరూ తనే! తను అరెస్టు చేసినవాళ్ల తరఫునే కోర్టులో వాదిస్తాడు. బిల్లీ వైల్డర్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) ముందే చూసి ఉండటంతో, ఇన్సూరెన్స్ డబ్బు కోసం భార్య మొగుణ్ణి చంపించాలనుకునే భాగం బాగా ఎక్కింది. మిగతా చోట్ల దేన్ని ఆటపట్టిస్తున్నారో కొన్నిసార్లు అందలేదు.

రైనర్‌దే ‘డెడ్ మెన్ డోంట్ వేర్ ప్లాయిడ్’ (1982) నాకు ఇంకా నచ్చింది. స్టీవ్ మార్టిన్ మాట్లాడుతుంటే పాత సినిమా ముక్కల్లోంచి హంఫ్రీ బోగార్ట్ జవాబిస్తాడు. నలుపు తెలుపుల్లో ఆ నీడలు, ఎడిత్ హెడ్ కుట్టించిన దుస్తులు ఎంత శ్రద్ధగా కుదిర్చారో! వెక్కిరింపు కన్నా ప్రేమే ఎక్కువ కనిపించింది.

తెలిసినవాళ్లు చెప్పండి: ఈ రెండూ పూర్తిగా అర్థం కావాలంటే ముందు ఏ నోయిర్‌లు చూడాలి? ఇలా శ్రద్ధగా తీసిన పేరడీలు, ఏ భాషలోవైనా సరే, ఇంకేమున్నాయి? ఉత్త బూతు జోకులతో నడిచేవి మాత్రం వద్దండి.